తెరకో రూపం, ఫైలుకో రూపం

యూనిక్సు, లినక్సు మీద పనిచేసే మనవాళ్ళ నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. తెర మీద వరుసలు తీరి కనిపించిన ఔట్‌పుట్టు ఫైల్లోకి పంపేసరికి చెల్లాచెదురైందని. ఆ విసుగుతో చాలామంది తెర మీది అక్షరాలను మౌసుతో కాపీ చేసి వర్డులో అతికిస్తారు, లేదా స్క్రీన్‌షాటు తీసి మెయిల్లో పెడతారు. ఇక్కడ అమెరికాలో పొద్దుగూకే వేళ సమస్యను హైదరాబాదు టీముకి అప్పగించేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. బొమ్మలో గ్రెప్‌తో వెతకలేం, రెండు బొమ్మల్ని డిఫ్‌తో పోల్చలేం. ఆ రాత్రంతా అవతలివాళ్ళు మళ్ళీ మొదటినుంచి తవ్వుకోవాల్సిందే.

నా ఉద్దేశంలో ఇందులో షెల్లు తప్పేమీ లేదు. ఎల్‌ఎస్ కమాండు సంగతే చూడండి. తెర మీద పేర్లను నిలువు వరుసల్లో, చాలా లినక్సుల్లో రంగులతో సహా చూపిస్తుంది. అదే > గుర్తుతో ఫైలుకి మళ్ళిస్తే లైనుకో పేరు చొప్పున, రంగుల్లేకుండా రాస్తుంది. తన ఔట్‌పుట్టు టెర్మినల్‌కి వెళ్తోందా, లేదా అని అది ముందే కనుక్కుంటుంది. చదివేది మనిషైతే ఒక తీరు, మరో ప్రోగ్రామైతే మరో తీరు. రంగుల కోడ్లు ఫైల్లో పడితే తర్వాత దాన్ని చదివే ప్రోగ్రాము తికమకపడుతుంది కదా!

రూపం నిజంగా చెడేది ఎక్కువగా మన చేతుల్లోనే. డీఎఫ్ ఇచ్చిన పట్టికను ఒక వేరియబుల్‌లో దాచి, కోట్లు లేకుండా ఎకో చేస్తే, షెల్లు దాన్ని ఖాళీల దగ్గరా లైన్ల దగ్గరా ముక్కలు చేస్తుంది. చివరికి మిగిలేది ఒకే పొడుగాటి లైను. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్లు పెట్టండి, పట్టిక పట్టికలాగే ఉంటుంది. ఒక్కోసారి ఫైలు బాగానే ఉన్నా, అక్షరానికో వెడల్పున్న ఫాంటులో తెరిచినందువల్ల వరుసలు తప్పినట్టు కనిపిస్తుంది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. > గుర్తు మామూలు ఔట్‌పుట్టును మాత్రమే మళ్ళిస్తుంది, ఎర్రర్ల దారి వేరు. అవీ కావాలంటే ఫైలు పేరు తర్వాత 2>&1 చేర్చాలి. దాన్ని > కంటే ముందు రాస్తే ఎర్రర్లు తెర మీదే ఉండిపోతాయి. అందంగా ఉన్న ఫైల్లో అసలు ఎర్రరే లేకపోతే ఏం లాభం?

తెర మీద కనిపించినది కనిపించినట్టే కావాలంటే 1979 నాటి బర్క్‌లీ యూనిక్సు నుంచీ వస్తున్న స్క్రిప్ట్ కమాండు ఉంది. అది ఒక నకిలీ టెర్మినల్‌ని సృష్టిస్తుంది కాబట్టి ప్రోగ్రాములు మనిషితోనే మాట్లాడుతున్నామనుకుంటాయి. ఎగ్జిట్ అనేవరకూ మీరు కొట్టిన కమాండులు, ఎర్రర్లు, రంగులు అన్నీ నమోదవుతాయి. ఆ ఫైలుని లెస్ -ఆర్‌తో చూస్తే రంగులు మళ్ళీ కనిపిస్తాయి. అయితే తెర మీదికొచ్చిన క్లయింటు డేటా కూడా అందులో ఉంటుంది, పంపేముందు ఒకసారి చదవండి.

ప్రోగ్రాము చదవడానికైతే సాదా ఫైలు, మనిషి చదవడానికైతే స్క్రిప్ట్. పని అప్పగించేటప్పుడు రెండూ జతచేసి పంపడం మన వృత్తిలో కనీస మర్యాద అని నా అభిప్రాయం.