ఆ నాలుగేళ్ళు వృథా పోలేదు



సినిమా నటుడో, పాటగాడో చనిపోయాడని తెలిసి మన ఇంట్లో ఎదిగిన పిల్లవాడు అన్నం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటే మనం ఏమంటాము? "ఆయన నీకు చుట్టమా, పక్కమా? ఏనాడైనా నీ ముఖం చూశాడా? లేచి నీ పని చూసుకో" అంటాము. చనిపోయినవాడు త్రాగుబోతని పేరుపడినవాడైతే ఇంకొక మాట కూడా కలుపుతాము. "చేసుకున్నది అనుభవించాడు" అంటాము. అంతటితో ఆ సంగతి ముగిసిందనుకుంటాము.

అది అంతటితో ముగియదు. ఎందుకు ముగియదో చెప్పడానికి ఈ నెల మిమ్మల్ని కొంచెం దూరదేశం తీసుకొని వెళ్తాను. అమెరికా దేశపు దక్షిణ భాగంలో టెక్సాస్ అనే పెద్ద రాష్ట్రం ఉంది. అక్కడ పుట్టిన స్టీవీ రే వాన్ అనే గిటారు వాద్యకారుడు 1990 ఆగస్టు 27వ తేదీన చనిపోయాడు. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరాలు. ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడి ఎరుగనివారు వేలాదిమంది ఆ రోజు ఏడ్చారు. ఆ ఏడుపులో మన కుటుంబాలు ఆలోచించదగిన సంగతి ఒకటున్నది.

అన్నను చూసి నేర్చిన విద్య

స్టీవీ 1954 అక్టోబరు 3న డల్లాస్ నగరంలో పుట్టాడు. తండ్రి కాయకష్టం చేసుకొని బ్రతికే మనిషి. త్రాగుడూ ఉంది, కోపమూ ఉంది. ఇంట్లో చిన్నవాడైన స్టీవీ బెరుకు బెరుకుగా పెరిగాడు. మూడేళ్ళు పెద్దవాడైన అన్న జిమ్మీ గిటారు వాయిస్తుంటే చూసి తానూ మొదలుపెట్టాడు. ఏడవ పుట్టినరోజుకు అతనికి దొరికినది ఒక బొమ్మ గిటారు. సంగీత లిపి అతనికి చదవడం రాదు. రికార్డు పెట్టి వినడం, విన్నది వ్రేళ్ళతో వెదుక్కోవడం, ఇంతే అతని బడి.

అతడు విన్నది ముఖ్యంగా బ్లూస్ సంగీతం. అమెరికా దక్షిణ ప్రాంతంలో నల్లజాతి ప్రజలు, బానిసత్వం నుండి విడుదలైన తరువాత కూడా పత్తి చేలలో వెట్టివంటి చాకిరీ చేసినవారు, తమ దుఃఖాన్ని పాడుకొన్న పాటలు అవి. ఆ వేరు నుండి పుట్టిన కొమ్మే రాక్ సంగీతం. ఆల్బర్ట్ కింగ్, బి.బి. కింగ్, బడ్డీ గై వంటి నల్లజాతి విద్వాంసులను ఈ తెల్లజాతి కుర్రవాడు గురువులుగా ఎంచుకొన్నాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే చదువు మధ్యలో విడిచి ఆస్టిన్ నగరానికి చేరాడు. ఏళ్ళ తరబడి చిన్న చిన్న చోట్ల వాయించాడు. 1983లో "టెక్సాస్ ఫ్లడ్" అనే మొదటి రికార్డు వచ్చినప్పుడు లోకం అతణ్ణి గుర్తించింది. అతని గిటారు పాతది. రంగు లేచిపోయి చెక్క బయటపడినది. తీగెలు మామూలు వాటికంటె లావు. వాయించి వాయించి అతని వ్రేళ్ళ కొనలు చిట్లేవి.

మన సంఘాలలో ఈనాడు గిటారు పట్టుకొని పాటలు నడిపించే యువకులున్నారు. ఆ తీగెల మీద మొదటి నెల వ్రేళ్ళు ఎంత నొప్పి పెడతాయో వారినడిగితే చెప్తారు.

ప్రాణం మీదికి వచ్చిన రోజు

ప్రియులారా, తండ్రి దాచుకొన్న సీసాలో నుండి ఆ పిల్లవాడు మొదటిసారి త్రాగినది బడికి వెళ్ళే చిన్న వయస్సులోనే. ఈ ఒక్క వాక్యం దగ్గర కొందరు తండ్రులు కాసేపు ఆగితే మంచిది. పేరు వచ్చేసరికి ఆ అలవాటు పెరిగి, కొకైన్ అనే మత్తుపదార్థం దానికి తోడైంది. కొకైన్‌ను విస్కీలో కలిపి త్రాగేవాడు. కడుపు లోపలి పొర పాడైపోయింది.

1986 ఆగస్టు 27న తండ్రి చనిపోయాడు. నెల తిరిగేసరికి ఐరోపా పర్యటనలో, జర్మనీ దేశంలో, స్టీవీకి ప్రాణం మీదికి వచ్చింది. లండన్‌లో వైద్యం జరిగింది. భర్తను పాతిపెట్టి ఇంకా కన్నీళ్ళు ఆరని తల్లి సముద్రం దాటి కొడుకు దగ్గరకు వెళ్ళింది. అక్కడి నుండి తిరిగి వచ్చి అతడు జార్జియా రాష్ట్రంలోని ఒక చికిత్సాలయంలో చేరాడు. అతని బృందంలో బేస్ గిటారు వాయించే టామీ షానన్ కూడా అదే సమయంలో వేరొక చోట చికిత్సకు చేరాడు. ఇద్దరూ మానివేశారు.

మానివేయడం ఒక రోజు పని కాదని మనకు తెలుసు. మా ఊళ్ళో మానివేశానని ఒట్టు పెట్టి పండుగనాడు తప్పినవారు ఎందరో! స్టీవీ తప్పలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం 1935లో అమెరికాలో మొదలైంది. త్రాగుడు మానదలచినవారు ఒకరినొకరు నిలబెట్టుకొనే సహవాసమది. నేడు మన తెలుగు రాష్ట్రాలలో కూడా దాని కూటములు జరుగుతున్నాయి. అందులో నేర్పే పన్నెండు మెట్లను స్టీవీ ఒక్కొక్కటిగా ఎక్కాడు. 1989లో వచ్చిన తన రికార్డుకు "ఇన్ స్టెప్" అని ఆ మెట్లు గుర్తుకు వచ్చేటట్లు పేరు పెట్టాడు. దానికి గ్రామీ బహుమానం వచ్చింది. మత్తు లేకపోతే చేతివాటం పోతుందని భయపడినవాడు, మత్తు లేకుండానే మునుపటికంటె బాగా వాయించాడు. కచేరీలో పాట మధ్యలో ఆపి, తాను ఎక్కడ పడ్డాడో, ఎలా లేచాడో జనంతో చెప్పేవాడు. మిమ్మల్ని మీరు కాపాడుకొనండి అని బ్రతిమాలేవాడు. సంగీతం కోసం వచ్చి ఆ మాట విని ఇంటికి వెళ్ళి సీసా పారబోసినవారున్నారు.

ఆ రాత్రి

1990 ఆగస్టు 25, 26 తేదీలలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆల్పైన్ వ్యాలీ అనే ఆరుబయలు రంగస్థలంలో కచేరీలు జరిగాయి. రెండవ రాత్రి చివర ఎరిక్ క్లాప్టన్, బడ్డీ గై, రాబర్ట్ క్రే, అన్న జిమ్మీ, స్టీవీ అందరూ ఒకే వేదికమీద కలిసి వాయించారు. చిన్నప్పుడు ఎవరి గిటారు చూసి మొదలుపెట్టాడో ఆ అన్న ప్రక్కన, ఎవరి రికార్డులు విని నేర్చుకొన్నాడో ఆ గురువు ప్రక్కన నిలబడి వాయించడం అతని ఆఖరి వాయిద్యమైంది.

అర్ధరాత్రి దాటింది. పొగమంచు దట్టంగా కమ్మింది. కళాకారులను చికాగోకు తీసుకొని వెళ్ళడానికి హెలికాప్టర్లు సిద్ధంగా ఉన్నాయి. స్టీవీ ఎక్కినది లేచిన కొద్ది నిమిషాలకే దగ్గరలోని కొండను ఢీకొన్నది. శీతాకాలంలో మంచుమీద జారుతూ ఆడుకొనే కొండ అది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. స్టీవీతోపాటు పైలట్, క్లాప్టన్ బృందానికి చెందిన ముగ్గురు. ఆ నలుగురి పేర్లు లోకం తలచుకోలేదు గాని, వారి ఇళ్ళలోనూ ఆ ఉదయం అదే ఏడుపు.

సంగతి తెల్లవారిన తరువాతగాని తెలియలేదు. దేహాలను గుర్తుపట్టడానికి జిమ్మీని, క్లాప్టన్‌ను పిలిచారు. అది ఆగస్టు 27. నాలుగేళ్ళ క్రితం తండ్రిని పోగొట్టుకొన్న తేదీ.

ఎరుగనివారి కన్నీళ్ళు

రాత్రి కచేరీ చూసి సంతోషంగా ఇల్లు చేరినవారు పొద్దున రేడియో పెట్టి ఆ వార్త విన్నారు. ఆస్టిన్ నగరంలో ఆ సాయంకాలం జిల్కర్ అనే పార్కులో వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకొని కూడారు.  అతని రికార్డులు వేసుకొని విన్నారు. తెలిసినవారూ తెలియనివారూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు.

ఆగస్టు 31న డల్లాస్‌లో భూస్థాపన జరిగింది. వేలాదిమంది అభిమానులు ఎండలో నిలబడ్డారు. అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన మొదటి రికార్డు "ఫ్యామిలీ స్టైల్" అప్పటికింకా బజారులోకి రాలేదు. అందులోని ఒక పాటను సమాధి కార్యక్రమంలో వినిపించారు. తరువాత అంధ గాయకుడు స్టీవీ వండర్, బానీ రైట్, జాక్సన్ బ్రౌన్ కలిసి "అమేజింగ్ గ్రేస్" కీర్తన పాడారు. ఆ తరువాత స్టీవీని తండ్రి ప్రక్కనే పాతిపెట్టారు.

ఆ కీర్తన రాగం మన సంఘాలకు క్రొత్తది కాదు. దానిని వ్రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను ఓడలలో ఎక్కించి అమ్మినవాడు. తరువాత మారి, బోధకుడై, 1773 క్రొత్త సంవత్సరపు ఆరాధన కొరకు ఓల్నీ అనే ఊరిలో దానిని సిద్ధం చేశాడు. బానిసల సంతానం కూర్చిన సంగీతంతో బ్రతికిన మనిషి సమాధి దగ్గర, బానిసల వ్యాపారి పశ్చాత్తాపపడి వ్రాసిన కీర్తనను నల్లజాతివారూ తెల్లజాతివారూ కలిసి పాడారు. పాడినవారు ఇదంతా ఆలోచించి ఉండకపోవచ్చు. మనం ఆలోచించవచ్చు.

మనకేమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ముఖమైనా ఎరుగనివారు ఎందుకు ఏడ్చారు? పాట బాగుంటుందని మాత్రమే కాదు. వారిలో చాలామందికి తమ ఇంటి చీకటి దినాలలో ఆ సంగీతమే తోడుగా ఉంది. మరికొందరు అతని సాక్ష్యం విని తామూ మానివేసినవారు. "అతడు నిలబడగలిగితే నేనూ నిలబడగలను" అని ఒక్కొక్క రోజు లెక్కపెట్టుకొనేవారికి ఆ ఉదయం ఆధారం ఊడిపోయినట్లయింది.

అతడు త్రాగి చనిపోయి ఉంటే మనకు ప్రసంగం చేయడం సులభం. కాని అతడు త్రాగి చనిపోలేదు. మానివేసి, మంచివాడై, అన్నతో కలిసి, నాలుగేళ్ళు నిండవస్తుండగా, ఒక పొగమంచు రాత్రి చనిపోయాడు. దీనికి నా దగ్గర చక్కని జవాబు లేదు. ఉన్నదని చెప్పుకొనేవారి మాట చావు ఇంట్లో ఎవరికీ ఆదరణ కాదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు మొదట చేసినది వివరణ చెప్పడం కాదు, కన్నీరు విడవడం.

అయితే ఒకటి చెప్పగలను. ఆ నాలుగేళ్ళు వృథా పోలేదు. ఆ నాలుగేళ్ళలో తల్లి నిద్రపోయింది. అన్నదమ్ములు కలిశారు. ఎందరో త్రాగుడు మానారు. 1993లో ఆస్టిన్‌లో ఏటి ఒడ్డున అతని కంచు విగ్రహం నిలబెట్టారు. దాని పాదాల దగ్గర జనం పూలు పెడుతూ వచ్చారు. 1995లో అన్న జిమ్మీ పూనుకొని, చివరి రాత్రి వేదికమీద ఉన్నవారిని ఆస్టిన్‌కు పిలిచి, తమ్ముని జ్ఞాపకార్థం మళ్ళీ వాయింపించాడు. ఏడ్చినవారు ఏడుపుతో ఆగిపోలేదు.

మన ఊళ్ళలో త్రాగుడు మానిన మనిషి జబ్బు చేసో, ప్రమాదం జరిగో చనిపోతే, "ఇన్నాళ్ళు త్రాగాడు, మానితే మాత్రం ఏం లాభం?" అని గుమ్మం దగ్గరే అనేవారున్నారు. ఆ మాట అతని భార్య వింటుంది. మానిన రెండు సంవత్సరాలలో ఆమెకు దెబ్బలు లేవు, పిల్లలకు రెండు పూటలా అన్నం ఉంది. ఆమెను అడగండి ఏం లాభమో.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఈసారి మీ పిల్లవాడు మీరెరుగని ఒక పాటగాని కోసం కంటతడి పెడితే కసరకండి. ప్రక్కన కూర్చోండి. "ఆ పాట ఏది? నాకు కూడా వినిపించు" అని అడగండి. అతడు ఏడ్చేది ఆ మనిషి కొరకు మాత్రమే కాకపోవచ్చు. మీతో చెప్పుకోలేని భారం ఏదైనా ఆ పాటతో పంచుకొని ఉండవచ్చు. ఆ సాయంకాలం మీరు వింటే, రేపు మీతోనే చెప్పుకొంటాడు.

మీ వీధిలో త్రాగుడు మాని, ఒక్కొక్క రోజు లెక్కపెట్టుకొంటున్న మనిషి ఉంటే, అతడు బ్రతికి ఉండగానే ఆ రోజులకు విలువ ఇవ్వండి. అతణ్ణి పేరు పెట్టి పలుకరించండి. మీ ఇంట భోజనానికి పిలవండి.