తుపాకి బడిలో వేరే వరుస

"ఆడవాళ్ళకు తుపాకి నేర్పడమే ఎక్కువ, అందులో మళ్ళీ వేరే తరగతా?"

ఈ మాట ఈమధ్య మనవాళ్ళ నోట రెండుచోట్ల విన్నాను. ఒకటి కోవిల్‌పట్టిలో పెళ్ళి పందిట్లో, రెండోది విరుదునగర్‌లో మన తెలుగువారి కూటంలో. కాలేజీ చదువుతున్న ఆడపిల్లలు కొందరు రైఫిలు గురి నేర్చుకుంటామనీ, తమకు విడిగా, వీలైతే ఆడ టీచరు చేత నేర్పించమనీ అడిగారు. దానికి వచ్చిన జవాబు ఇది. అన్నవారు చెడ్డవారేమీ కారు. కూతుళ్ళను ఇంజనీరింగు చదివించినవారు, కోడళ్ళను ఉద్యోగాలకు పంపినవారు. అటువంటివారు అన్నారు కాబట్టే ఊరుకోబుద్ధి కాలేదు.

వారి వాదంలో రెండు ముక్కలున్నాయి. తుపాకి ఆడదాని చేతిలో ఉండవలసిన వస్తువు కాదన్నది మొదటిది. సమానత్వం కావాలంటే మగవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాలి, వేరే గది అడిగితే చేతకానితనం ఒప్పుకున్నట్టే అన్నది రెండోది. నేర్చుకోనే కూడదన్నవారికి ఎవరి పక్కన నేర్చుకుంటే ఏమి? అయినా రెండింటికీ జవాబు చెబుతాను.

మందుగుండు ఆడవాళ్ళకు తగదని విరుదునగర్ జిల్లాలో నిలబడి అనడానికి చాలా ధైర్యం కావాలి. శివకాశి, సాత్తూరు చుట్టుపట్ల పటాసు ఆఫీసుల్లో గొట్టాలు చుట్టేదీ, ఒత్తులు దూర్చేదీ, పెట్టెల్లో సర్దేదీ ఎవరు? కోవిల్‌పట్టి అగ్గిపెట్టె ఆఫీసుల్లో తరాల తరబడి పుల్లలు పేర్చిన చేతులు ఎవరివి? 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో పటాసు ఆఫీసు పేలి దాదాపు 40 మంది పోయారు. ఆ తర్వాత కూడా "ఆడవాళ్ళకు మందు పని వద్దు" అని ఏ పెద్దమనిషీ అనగా నేను వినలేదు. కూలికి ముట్టుకోవచ్చునట, నేర్చుకోవడానికి ముట్టుకోకూడదట!

ఇంటింటికీ తుపాకి రావాలని నేను అనడం లేదు. మా బ్యాంకు శాఖల్లో కావలివాని రెండు గొట్టాల తుపాకికి లైసెన్సు రెన్యూవలు కాగితాలు ఎన్నో ఏళ్ళు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. తుపాకి ఎంత బరువైన బాధ్యతో నాకు తెలుసు. 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సును తేలికగా ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. 2016 నియమాలు ఇంకొక అడుగు వేసి, లైసెన్సు అడిగేవారు ముందు భద్రతా శిక్షణ పొందాలన్నాయి. నేర్చుకోవడం వేరు, కొనుక్కోవడం వేరు. నేర్చుకున్న పిల్లకు ఎన్.సి.సి. సర్టిఫికెట్టు వస్తుంది, పోలీసు ఉద్యోగానికి ఆసరా అవుతుంది, ఆటల్లో దారి దొరుకుతుంది. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్ హైదరాబాదు అమ్మాయి. ఆ పేపరు కత్తిరించి దాచుకున్న పిల్లలు మన కరిసల సీమలోనూ ఉన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. వేరే తరగతి ఎందుకు?

రైఫిలు తొలిపాఠం నేల మీద బోర్లా పడుకుని కాల్చడం. కాళ్ళు ఎడంగా చాపాలి, మోచేతులు నేలకు ఆనించాలి, తుపాకి మడమ భుజం గుంటలో ఇమడాలి, చెంప కర్రకు ఆనాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గురి తప్పుతుంది. నేర్పేవారు వంగి, మోచెయ్యి జరిపి, భుజం నొక్కి, కాలు సర్ది సరిచేస్తారు. వెనుక వరుసలో మగపిల్లలు తమ వంతు కోసం నిలబడి చూస్తూ ఉంటారు. ఆ స్థితిలో పడుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల మనసు గురి బిళ్ళ మీద ఉంటుందా, వెనుక ఉన్న కళ్ళ మీద ఉంటుందా? నేను చదువుకునే రోజుల్లో ఒక శిబిరంలో ఇదంతా అనుభవించాను. తలా ఐదు గుళ్ళు అన్నారు. మగపిల్లల వంతులు ముగిసి మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది, గుళ్ళు తగ్గాయి, మాకు మూడేసి ఇచ్చారు. మిగతా పొద్దు గురి కాగితాలు అంటించే పని మాది. "ఆడపిల్లలకు ఆసక్తి లేదు" అని ఆ సాయంత్రమే ఒకాయన తీర్పు చెప్పారు.

తొలి చప్పుడుకు ఎవరైనా ఉలిక్కిపడతారు. మగపిల్లాడు ఉలిక్కిపడితే "అలవాటవుతుందిలే" అంటారు. ఆడపిల్ల ఉలిక్కిపడితే వరుసంతా నవ్వుతుంది. టైపు క్లాసులో నవ్వితే పోయేదేమీ లేదు. తుపాకి బడిలో నవ్వు ప్రమాదం. గుండు పేలకుండా లోపలే నిలిచిపోతే గొట్టం ముందుకే ఉంచి, చెయ్యెత్తి, ఆ మాట పైకి చెప్పాలి. అర్థం కానిది రెండుసార్లు, మూడుసార్లు అడగాలి. నవ్వుతారని జంకే మనిషి చెయ్యెత్తదు, తలాడించి ఊరుకుంటుంది. అర్థం కాకుండా తలాడించిన మనిషి చేతిలో తుపాకి ఉంటే పక్కనున్న అందరికీ గండమే. కాబట్టి సిగ్గు లేకుండా అడగగలిగిన చోటు సుఖం కోసం అడిగేది కాదు, భద్రతలో మొదటి మెట్టు.

వస్తువు సంగతీ ఉంది. మామూలు రైఫిలు కర్ర పొడవు సగటు మగవాని చేతికి సరిపోయేట్టు చేస్తారు. పొట్టి చెయ్యి ఉన్నవారు అందుకోవడానికి నడుము వెనక్కి వాలుస్తారు, గురి చెడుతుంది. ఆ కొలత సవరించాలన్న సంగతి అవస్థ తెలిసిన టీచరుకు ముందు తడుతుంది. పిస్తోలు పేలినప్పుడు కాలిన తొడుగు వేడి వేడిగా ఎగిరి పడుతుంది. అది జాకెట్టు మెడలో పడితే చురుక్కుమని ఒళ్ళు తిరుగుతుంది, చేతిలోని పిస్తోలూ తిరుగుతుంది. "మెడ మూసిన చొక్కా వేసుకు రండి, పైట, చున్నీ వద్దు" అని ముందురోజే చెప్పేది ఎవరు? అవి కట్టుకు తిరిగినవారు. ఇక కొందరి కారణం తరగతిలో పైకి చెప్పలేనిది. మగవాని చేతి దెబ్బ తిన్నవారు ఉంటారు. వెనుక నుంచి వచ్చి భుజం మీద పడే చెయ్యి, అది ఎంత మంచివానిదైనా, వారికి ఉత్త చెయ్యి కాదు. ఆ కథ చెబితేనే వేరే గది ఇస్తామనడం న్యాయమా?

"బయట ఎదురుపడే దొంగ ఆడదా? లోకం కలగలుపే కదా?" అని అడిగారు ఒకాయన. నిజమే. మన ఊళ్ళలో ఈత ఎలా నేర్చుకున్నారు? నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో దిగారు. వరదలో దూకి నేర్చుకున్నవాడు ఎవడూ లేడు. బుర్ర కట్టుకున్నాడని వానికి ఈత రాదన్నవారూ లేరు.

బ్యాంకులో నేను చూసిన పాఠం ఒకటి చెబుతాను. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో ముడివేసింది. తర్వాత ఆడవారి సంఘాల ఖాతాలు తెరిచే పని నాకు చాలాకాలం ఉండేది. మగవారు పక్కన కూర్చున్న రోజు "మీ అప్పు ఎంతమ్మా?" అని అడిగితే జవాబు మొగుడి నోట వచ్చేది. వాళ్ళను టీ కొట్టుకు పంపిన రోజు, అదే ఆడవాళ్ళు నెలకు నూటికి రెండంటే ఏడాదికి ఎంతో నోటిలెక్కతో చెప్పి, పాసుబుక్కు వరుస వరుస సరిచూసుకుని మరీ వెళ్ళేవారు. గది మారింది, అంతే. ఆ సంఘాలను చూసి చేతకానితనం అన్నవారు లేరు. అప్పు సరిగా తిరిగి వస్తున్నది కాబట్టి మెచ్చుకున్నారు!

తుపాకి విషయంలోనూ ఇది కొత్త కాదు. 1943లో సింగపూరులో నేతాజీ ఝాన్సీరాణి రెజిమెంటు పెట్టినప్పుడు దాన్ని ఆడవారితోనే నింపారు, డాక్టరు లక్ష్మీ స్వామినాథన్ నడిపారు. మలయా రబ్బరు తోటల్లోని మన దక్షిణాది కూలివారి పిల్లలు అందులో రైఫిలు పట్టారు. ఆడా మగా కలిసిన శిబిరమైతే ఆ పిల్లల్లో ఎందరిని ఇంట్లోవారు పంపి ఉందురు? 1986లో కేంద్ర రిజర్వు పోలీసులో 88వ మహిళా బెటాలియను ఏర్పడింది. 1992లో మద్రాసు థౌజండ్ లైట్స్‌లో మహిళా పోలీసు స్టేషను వెలిసింది.

అందరికీ వేరే గదే కావాలని నేననను. మద్రాసు సైనిక అధికారుల శిక్షణాలయంలో 1992 నుంచి ఆడవారూ శిక్షణ పొందుతున్నారు. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో రెండు కంచు పతకాలు గెలిచిన మనూ భాకర్ గురువు జస్పాల్ రాణా మగవారే. కలిసి నేర్చుకోగలిగినవారు కలిసి నేర్చుకోనీ. అలా చేయలేక మొదటి రోజే వెళ్ళిపోయేవారి మాట నేను చెబుతున్నది.

ఇందులో ఒక గొయ్యి ఉంది, దాన్ని దాచను. 1992 బార్సిలోనాలో స్కీట్ పోటీ ఆడా మగా కలిసినది. చైనాకు చెందిన జాంగ్ షాన్ మగవారందరినీ దాటి బంగారు పతకం గెలిచింది. తర్వాతి 1996 అట్లాంటా క్రీడల్లో స్కీట్ మగవారికి మాత్రమే. ఆడవారికి విడిగానైనా పెట్టలేదు. 2000 సిడ్నీ దాకా వేచి ఉండవలసి వచ్చింది. వేరే గదికి తలుపు ఉంటుంది. దాని గడియ లోపలివారి చేతిలో ఉంటే అది బడి, బయటివారి చేతిలో ఉంటే అది దొడ్డి. పిల్లలు అడిగింది మొదటిది.

ఈ తేడా ఇతరులకు తెలియకపోవచ్చు, మనకు తెలియకపోతే ఎలా? తమిళనాట పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు తరగతి కావాలని అడిగినవాళ్ళం మనం. 2006 తమిళ చట్టం వచ్చినప్పుడు "అందరితో కలిసి చదివితే ఏమి, మీకు వేరే గది ఎందుకు?" అని మనల్నీ అడిగారు. తమిళం మీద ద్వేషం లేదనీ, మన నుడి నిలదొక్కుకోవడానికి చోటు కావాలనీ చెప్పుకున్నాం. ఆంధ్రా చుట్టం వచ్చి "ఇదేం తెలుగు?" అని నవ్వితే మన పిల్లలు నోరు మూసుకోవడం చూశాం. నవ్వుకు నోరెలా మూతపడుతుందో మనకు ఒకరు చెప్పాలా?

ఇంకొక మాట. ఆడపిల్లను ఒక పాలకుడు అడిగితే, మానం కాపాడుకోవడానికి మన పూర్వులు రాత్రికి రాత్రి ఊరు విడిచి దక్షిణానికి వచ్చారన్న కథ మన ఇళ్ళలో చెప్పుకుంటారు. ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ 1976 నాటి 'గోపల్ల గ్రామం'లో దాన్ని తమిళంలో రాశారు కూడా. మా అవ్వ చెప్పిన కథలో ఆ పిల్లను మోసినవారున్నారు, దాచినవారున్నారు, ఆమె చేతికి ఒక కత్తి ఇచ్చినవారు మాత్రం లేరు. 1799లో కయత్తారులో కట్టబొమ్మును ఉరితీసి, 1801లో మన సీమలో ఆయుధాలు పట్టరాదని కుంఫిణీ శాసించింది. ఆ అవమానం నేటికీ చెప్పుకుని బాధపడే మగవారు, అదే శాసనం సొంత ఇంట్లో అమలు చేయడం ఏం పద్ధతి?

మన కూటం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. శిక్షణ ఇచ్చేవారిని అడిగి ఆడపిల్లలకు వారానికి రెండు పూటలు విడిగా ఇప్పించాలి. అదే రైఫిలు, అన్నే గుళ్ళు, అదే పరీక్ష ఉండాలి, తగ్గింపు వద్దు. ఆడ టీచరు దొరికితే మేలు, దొరకకపోతే పక్కన ఒక పెద్దామె ఉండాలి, చెప్పి అడిగి గాని చెయ్యి వేయకూడదు. మూడు నెలల తర్వాత ఎవరికి ఇష్టమైతే వారు కలగలుపు వరుసకు వెళ్ళవచ్చు, ఇష్టం లేనివారిని తోయకూడదు.

వచ్చే కూటంలో ఈ తీర్మానం నేనే పెడతాను. కాదనేవారు కారణాలు పట్టుకుని రండి, వింటాను. నవ్వు ఒక్కటే తెచ్చేవారికి మాత్రం జవాబు ఈ కాగితమే.