విమానం వాలిన నీళ్లే... మన బిందెలోకి!

విమానం ఎక్కడ దిగుతుందని హిందూపురం పిల్లల్ని అడగండి. ‘బెంగళూరులో’ అని ఠక్కున చెబుతారు. నీళ్లమీద దిగుతుందంటే మాత్రం నమ్మరు. కానీ, దిగింది!

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్‌లో లేచిన సీప్లేన్ శ్రీశైలం పాతాళగంగ దగ్గర కృష్ణమ్మ ఒడిలో వాలింది. అందులో వచ్చిన ముఖ్యమంత్రి చంద్రబాబు అక్కణ్నుంచి రోప్‌వేలో పైకెళ్లి మల్లన్నను దర్శించుకున్నారు. డీహావిలాండ్ కెనడా తయారుచేసిన ఆ విమానానికి పొట్టకింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లుంటాయి. రన్‌వే లేకపోయినా ఫర్వాలేదు, నిండా నీళ్లుంటే చాలు.

అది ప్రయోగాత్మక ప్రయాణమే. అయినా సెలవుల్లో పిల్లలకు ఆ చోటు చూపించొచ్చు. ధర్మవరంలో రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగితే అక్కణ్నుంచి బస్సులో నల్లమల ఘాట్ రోడ్డు ప్రయాణం. శ్రీశైలంలో రోప్‌వే దిగితే పడవ షికారు.

తిరిగొచ్చాక ఓ సాయంత్రం పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికీ వెళ్లండి. అక్కడ సీప్లేన్ ఉండదు. నీళ్లు మాత్రం అవే! శ్రీశైలం జలాశయం నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోస్తే, హంద్రీ-నీవా కాలువలో మెట్టుమెట్టుగా పైకెక్కుతూ కరవు సీమకు చేరతాయి. గొల్లపల్లి నుంచి పైపుల్లో హిందూపురానికి తాగునీరవుతాయి.

విమానం నీళ్లమీద దిగడం మనవడికి వింత. నీళ్లు ఎత్తులెక్కి ఊరికి రావడం, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన అవ్వకు వింత. ఇద్దర్నీ గట్టుమీద కూర్చోబెట్టి, ఏది గొప్పో తేల్చుకోమనండి!