లేజర్ సంగతి తర్వాత, ముందు తండా దాకా తీగ రానీయండి



స్టార్‌లింక్ వస్తున్నది, ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి లేజర్‌తో మాట్లాడుకుంటయి, ఇగ తండాల్లో నెట్ కష్టాలు తీరినట్టే అని మనోళ్లు తెగ షేర్ చేస్తున్నరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంబరపడే ముందు లెక్క చూద్దాం.

లేజర్ గొప్పదే, కాదనను. శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతది, ఫైబర్ గాజులో దాదాపు 2 లక్షలే. అందుకే ఖండాలు దాటే దూరాలకు లేజర్ దారి ఫైబర్ కంటే ముందు చేరగలదు. దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ లేని చోట్లకు అది వరం. 2022లో అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి నెట్ అట్లనే చేరింది.

కానీ మన తండా అంటార్కిటికాలో లేదు. మనకు కావాల్సింది ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, ఆన్‌లైన్ క్లాసు. సూర్యాపేట నుండి హైదరాబాద్ 140 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఫైబర్‌లో వెలుగు ఆ దూరాన్ని మిల్లీసెకను లోపే దాటుతది. స్టార్‌లింక్ ఉపగ్రహం సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో ఉంటది. పైకి పోయి కిందికి దిగడానికే మూడున్నర మిల్లీసెకన్లు. పైగా ఇక్కడి వాళ్ల ట్రాఫిక్ ఇక్కడి గేట్‌వేల ద్వారానే పోవాలని 2025 మేలో టెలికాం శాఖ షరతు పెట్టింది. ఇగ ఆ లేజర్ అడ్డదారితో మనకు ఒరిగేదేంది?

డిష్ పెట్టుకుంటే సిగ్నల్ బాధ పోతది కదా అంటరు. పోతది. ఆ డిష్ ఎవరు కొనాలె? నెలనెలా బిల్లు ఎవరు కట్టాలె? మిర్చి ఏరే కూలికి పోయే అమ్మనా?

మన అడ్డంకి కాంతి వేగం కాదు, పంచాయతీ ఆఫీసుకూ మన ఇంటికీ మధ్య ఉన్న ఆ రెండు కిలోమీటర్లు. దానికి పైసలు లేవా? సెల్ కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెల కనెక్షన్ల కోసమే వసూలైతది. ఆ నిధి పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. భారత్‌నెట్‌కు 2011లోనే కేంద్రం ఆమోదం ఇచ్చింది. టీ-ఫైబర్ తీగను మిషన్ భగీరథ పైపుల వెంబడి వేస్తామన్నరు. 2018లో మన తండాలు పంచాయతీలయినయి. 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 1,39,579 కోట్లతో భారత్‌నెట్‌ను సవరించింది. పంచాయతీ కేంద్రం కాని 3.8 లక్షల గ్రామాలకు కూడా డిమాండ్ మీద కనెక్షన్ ఇస్తమన్నది. డిమాండ్ మీద! అంటే అడిగినోళ్లకే.

మిర్యాలగూడ పక్కన దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి ప్లాంట్ కట్టిన్రు. మన గడ్డ మీది కరెంటు తీగల మీద పట్నం పోతది. పట్నం నుండి నెట్ తీగ మన దాకా రాలేదంటే అడ్డం దూరం కాదు, పట్టింపు లేకపోవడం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తండాల పోరలం వచ్చే గ్రామసభలో రాతపూర్వకంగా అడుగుదాం. మా పంచాయతీకి ఫైబర్ వచ్చిందా? వస్తే పెట్టె ఆన్‌లో ఉందా? బడికి, అంగన్‌వాడీకి, ఇండ్లకు కనెక్షన్ ఎప్పుడు? జవాబు కూడా కాగితం మీదనే తీసుకుందాం. ఇయ్యకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెడదాం.

ఆకాశం దిక్కు చూసుడు చాలు. సర్పంచ్ దిక్కు, కలెక్టర్ దిక్కు చూసి అడుగుదాం.