పికప్ బండి వెనుక అద్దము: ప్లాస్టరుతో సరిపెట్టుకొనరాదు

ఎడ్లబండి చేయుచుండిన పనిలో చాల భాగము నేడు చిన్న మోటారు బండ్లు చేయుచున్నవి. 2005లో టాటా ఏస్ వచ్చిన పిదప ఇట్టి బండ్లు మారుమూల పల్లెలకు గూడ చేరినవి. టమాట పెట్టెలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు అన్నియు వీటి మీదనే పోవుచున్నవి. ఎడ్లబండి కాలమున ఇరుసుకు కందెన వేయుట, చక్రపు పట్టా వదులైనచో వెంటనే బిగింపించుట ప్రతి రైతు ఎరిగిన పని. మోటారు బండి వచ్చిన తరువాత మన శ్రద్ధ ఇంజనుకు, టైర్లకే పరిమితమైనది. తక్కినవి పూర్తిగా విరిగిపోవువరకు మన కంటబడవు.

అట్లు మన కంటబడని వాటిలో మొదటిది డ్రైవరు తల వెనుకనున్న కిటికీ అద్దము. అది పగిలినను బండి నడచును, వాన నీరు కారినను బండి నడచును. అందుచేతనే దానికి ప్లాస్టరు అంటించి, గోనెపట్ట అడ్డముపెట్టి నెలల తరబడి తిరుగుచున్నాము. ఇది పొదుపు కాదనియు, ప్రాణముతో చెలగాటమనియు నా అభిప్రాయము. నేను గూడ ఆ తప్పు చేసినవాడనే గనుక ఇంత గట్టిగా చెప్పుచున్నాను.

మాకు జరిగినది

మాది మదనపల్లె మార్కెట్టుకు టమాట తోలు గ్రామము. మేము కొన్న పికప్ అంతకుముందు ఒకరి చేతిలో నడచినది. 2021లో ఒకనాడు టమాట మొక్కలకు నాటు ఊతకర్రలు వేసికొని వచ్చుచుండగా, గేదె అడ్డము వచ్చి డ్రైవరు బ్రేకు వేసెను. కట్టు వదులుగా ఉన్న ఒక కర్ర ముందుకు జారి వెనుక అద్దమునకు తగిలెను. మూల నుండి మూలకు ఒక గీత పడినది.

"గీతే కదన్నా, ప్లాస్టరు అంటిస్తే ఈ సీజను గడిచిపోతుంది" అని డ్రైవరు అనెను. నేనును సరే అంటిని.

ఆ నవంబరులో రాయలసీమలో కురిసిన పెద్దవానలు చాలమందికి జ్ఞాపకముండును. ఆ వానలకు మా ప్లాస్టరు ఊడినది. సీటు వెనుక పెట్టిన విత్తనపు పొట్లములు రెండు తడిసి మొలక చెడినవి. మార్కెట్టు చీటీలు ముద్దయైనవి. కాళ్ల క్రింది పరుపు ఎత్తి చూడగా రేకు మీద తుప్పు పొరలు లేచియున్నవి. అప్పుడు గాని బండిని అద్దముల పనివాని వద్దకు తోలలేదు. ఆయన పగులును వ్రేలితో తడిమి, "ఇది బండి అద్దం కాదు, ఇంటి కిటికీ గాజు కోసి బిగించినారు" అని చెప్పెను.

నాకు నోట మాట రాలేదు. ఆ సీటులో, ఆ గాజుకు జానెడు దూరమున, నా మనుమడు ఎన్నోమార్లు నిద్రపోయియున్నాడు.

పగులు తీరు చెప్పు సంగతి

బండ్లకు వాడు గాజు రెండు విధములు. మొదటిది గట్టిపరచిన గాజు. దీనిని 600 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా కాచి, గాలితో తటాలున చల్లార్తురు. అందువలన పైపొర బిగుసుకొని గట్టిపడును. ఇది పగిలినచో గీత పడి నిలువదు. ఒక్కసారిగా చిన్న చిన్న మొద్దు పలుకులై రాలిపోవును. పెద్ద గాయములు కాకుండుటకే ఈ ఏర్పాటు. రెండవది రెండు గాజు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర అతికించిన గాజు. ముందు అద్దము ఈ రకము. ఇది పగిలినచో గీతలు పడును గాని ముక్కలు ఆ పొరను అంటియుండును.

వెనుక అద్దమునకు సాధారణముగా మొదటి రకమే ఉండును. కావున వెనుక అద్దములో పొడుగాటి గీత పడి నిలిచినచో దానిని అనుమానింపవలెను. అది పొర గాజు కావచ్చును, లేదా మా బండిలో వలె కిటికీ గాజు కావచ్చును. కిటికీ గాజు విరిగినచో కత్తుల వంటి ముక్కలగును. అద్దము మూలన ముద్రించిన ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారీదారు గుర్తు ఉన్నవో లేవో చూడుడు. ఏ గుర్తును లేని అద్దమును, పగులు లేకున్నను, మార్పించుట మంచిది. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989 లోని 100వ నిబంధన ప్రకారము బండి అద్దములు భద్రతా గాజువై ఉండవలెను. వెనుక అద్దము గుండ కనీసము నూటికి 70 వంతుల వెలుతురు పోవలెను. పగులును కప్పిపుచ్చుటకు నల్ల ఫిల్ము అంటించుట పరిష్కారము కాదు.

నీరు ఎచ్చట దిగుచున్నది?

అద్దము పగులకున్నను నీరు కారవచ్చును. అద్దము చుట్టునున్న రబ్బరు మన ఎండలకు కొన్ని ఏండ్లలో బిరుసెక్కి, మూలలలో నెరియలు విచ్చును. దుమ్ము చేరి రబ్బరు పెదవి రేకుకు ఆనదు. అయితే తడి కనిపించిన చోటనే రంధ్రమున్నదని తలపరాదు. పూరింటి కప్పు ఒక చోట కారిన, నీరు వాసము వెంట జారి మరియొక చోట పడును గదా! బండిలోను అంతే. పైకప్పు రేకుల అతుకు నుండియో, క్యారియరు బోల్టు సందు నుండియో దిగిన నీరు అద్దము క్రింద తేలును.

పరీక్షించు పద్ధతి సులభము. లోపల తడి అంతయు తుడిచి, అద్దము చుట్టు వార్తాపత్రిక కాగితపు పట్టీలు ఉంచవలెను. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుండవలెను. మరియొకరు వెలుపల నుండి పైపుతో నీటిని మెల్లగా వదలవలెను. మొదట క్రింది అంచు, తరువాత ప్రక్కలు, చివరకు పై అంచు, ఆ తరువాతనే పైకప్పు. ఒక్కొక్క చోట రెండు మూడు నిమిషములు నిలుపవలెను. పై నుండి మొదలిడినచో నీరు అంతటను పారి, ఏ చోటు కారినదియు తెలియదు. ఏ పట్టీ ముందు తడిసినదో అచ్చట సుద్దతో గుర్తు పెట్టుడు. ఈ గుర్తుతో పోయినచో పనివాడు ఊహమీద పని చేయనక్కర లేదు.

మరమ్మతులో మెలకువలు

పగిలిన అద్దమునకు అతుకు లేదు, మార్చవలసినదే. అద్దము మార్చునపుడు పాత రబ్బరునే మరల వేయనీయకుడు. బిరుసెక్కిన రబ్బరులో క్రొత్త అద్దము బిగించిన, తరువాతి వానకే కారును.

పాత అద్దము తీసిన తరువాత రేకు అంచును తప్పక మీరే కన్నులార చూడుడు. తుప్పు ఉన్నచో తీగ బ్రష్షుతో రుద్ది, ప్రైమరు, రంగు వేయించి, బాగుగా ఆరిన పిదపనే రబ్బరు ఎక్కింపవలెను. తొందరలో తుప్పు మీదనే బిగించినచో క్రొత్త రబ్బరు దాచిన చోట తుప్పు తినుచునే యుండును. రబ్బరు గాడిలో గట్టి దారమునుంచి, సబ్బు నీరు పూసి, లోపలి నుండి ఆ దారమును లాగుచు రబ్బరు పెదవిని అంచు మీదికి తెచ్చుట పనివారి పద్ధతి. అద్దము అంచున స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించువానిని వారింపుడు. గట్టిపరచిన గాజు అంచున దెబ్బ తగిలిన తట్టుకొనదు. కొన్ని బండ్లకు రబ్బరు గాక జిగురుతో అద్దము అతికింతురు. అది ఇంట చేయు పని కాదు. జిగురు ఆరుటకు పనివాడు చెప్పినంత సేపు బండిని కదపరాదు.

అంగడిలో దొరకు సిలికాను గొట్టము తెచ్చి చుట్టును పూయు అలవాటు పెరిగినది. వెనిగరు వలె పుల్లని వాసన వచ్చు రకము రేకుకు తుప్పు పట్టించును. పైగా అది అంటిన చోట తరువాత రంగు గాని జిగురు గాని సరిగా పట్టదు. ఈ రోజు మూసిన సందు రేపటి మరమ్మతును చెరచును.

పనివాడు దొరకువరకు, గీత పడిన అద్దమునకు వెలుపల దళసరి పాలిథీను పట్ట అంటింపవచ్చును. అప్పుడు తాటాకు కప్పిన రీతిగా, పై పట్ట క్రింది పట్ట మీదికి వచ్చునట్లు అంటింపుడు. ఇది దినముల ముచ్చటే గాని నెలల ముచ్చట కారాదు. ఆ దినములలో సీటు వెనుక విత్తనములు, కాగితములు ఉంచకుడు. పిల్లలను ఆ సీటులో కూర్చుండబెట్టకుడు. పురుగుమందులను మాత్రము అద్దము బాగున్నను క్యాబినులో ఎన్నడును పెట్టరాదు.

అద్దము కంటె అడ్డుచట్రము ముఖ్యము

ఇంతవరకు చెప్పినది చికిత్స. రోగము మూలము వేరొకటి కలదు. వెనుక అద్దము తనంత తాను పగులుట అరుదు. మనము వేసిన సరుకే దానిని పగులగొట్టును.

పి.వి.సి. పైపు 6 మీటర్లు, అనగా సుమారు 20 అడుగులు. మన చిన్న బండి తొట్టి పొడవు 7 నుండి 9 అడుగులు. ఆ పైపులను ఏటవాలుగా క్యాబిను పైకి ఆనించి, నడుమ ఒక్క తాడు చుట్టి తోలుచున్నాము. 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 11 మీటర్లు సాగును. బ్రేకు బండికి పడును గాని, వదులుగా వేసిన కర్రకు పడదు. అది అదే వేగముతో ముందుకు వచ్చును. ముందున్నది అద్దము, దాని వెనుక డ్రైవరు మెడ.

కావున తొట్టి ముందు భాగమున, అద్దమంత ఎత్తున, ఇనుప అడ్డుచట్రము తప్పక ఉండవలెను. కొన్ని బండ్లకు చట్రమున్నను చువ్వల నడుమ సందు పెద్దది. ఊతకర్ర సులభముగా దూరును. దానికి గట్టి జాలీ వేయింపవలెను. చట్రమును తొట్టికి బోల్టులతో బిగించుట మేలు. వెల్డింగు తప్పనిచో ముందుగా బ్యాటరీ తీగ విప్పి, అద్దమును తడి గోనెతో కప్పవలెను. నిప్పురవ్వలు పడిన గాజు గుంటలు పడి బలము తగ్గును. కర్రలను, పైపులను ఒక్క కట్టుగా బిగించి, ముందొకచోట, వెనుకొకచోట తొట్టికి కట్టవలెను. పొడుగు సరుకునకు చిన్న బండి తగదు. పెద్ద బండిని బాడుగకు పిలుచుటయే వివేకము.

ఖర్చు మాట

"అప్పు వాయిదాకే డబ్బు లేదు, అద్దమునకు ఎక్కడిది?" అని కొందరందురు. ఆ బాధ నిజమే. కాని మా లెక్క చూచుకొనగా తడిసిన విత్తనము, రేకు అతుకులు, రెండు దినముల బాడుగ నష్టము కలిపి అద్దము ఖరీదును మించినవి. మొదటి వారమున మార్చియున్నచో అద్దముతోనే పోయెడిది.

సమగ్ర బీమా ఉన్నవారు పాలసీ కాగితము తీసి చూడుడు. సాధారణముగా గాజు భాగములకు తరుగు కోయరు; రబ్బరుకు మాత్రము సగము కోయుదురు. అయితే క్లెయిము చేసినచో, చేయని వారికి మొదటి ఏట నూటికి 20 నుండి ఐదేండ్లకు 50 వరకు వచ్చు రాయితీ పోవును. అద్దము ఖరీదు తక్కువైనచో చేతి డబ్బే లాభము. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవారికి అద్దమునకు ఏమియు రాదు.

గ్రామాధికారులకు మనవి

రవాణా బండికి ఎనిమిదేండ్ల లోపు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష కలదు. కాని రెండు పరీక్షల నడుమ ఎన్నో వానలు, ఎన్నో కర్రల మోపులు గడచును. పంచాయతీకి పైపులు తెచ్చునపుడు, పాల సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు బండి కుదుర్చుకొనునపుడు, బాడుగ ఎంత అని అడుగుటకు ముందు బండి వెనుకకు పోయి చూచు అలవాటు కావలెను. అద్దము మీద గుర్తు ఉన్నదా, పగులు లేదా, అడ్డుచట్రము గట్టిదేనా అను మూడు ప్రశ్నలు చాలును. వీటికి సమాధానము లేని బండికి పని ఇవ్వమని నలుగురు చెప్పిన నాడు, ఏ చట్టము చేయలేని పని జరుగును.

రైతు సోదరులారా, తొలకరికి ముందు నాగలి, గొర్రు సరిచూచుకొనుట మన పెద్దలు నేర్పిన ఆచారము. ఆ దినముననే ఒక బిందెడు నీటితో బండి వెనుక అద్దమును గూడ పరీక్షింపుడు. మా బండికి ఇప్పుడు గుర్తు గల అద్దము, క్రొత్త రబ్బరు, వెనుక జాలీ చట్రము ఉన్నవి. మొన్న దారిలో మరల బ్రేకు పడినది. కర్రల మోపు వచ్చి చట్రమునకు కొట్టుకొని నిలిచినది. సీటులోని మనుమడు మేలుకొని, "ఏమైంది తాతా?" అని అడిగెను. ఏమియు కాలేదని చెప్పగలిగితిని.