కంప్యూటరు మారినప్పుడు పాఠం ఏమవుతున్నది?

హైదరాబాదు నగరప్రాకారపు ద్వారాలలో నేటికి నిలిచినవి రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. దబీరు అంటే పారసీకంలో లేఖకుడు. దబీర్‌పురాకు సమీపంలోని ఛత్తాబజారులో ఉర్దూ లేఖకులైన కాతిబుల కలాలకు కంప్యూటరు పని లేకుండా చేసింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుటలకూ, పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లతో కూర్చిన తెలుగు పుటలకూ నేడు పట్టిన అవస్థ ఒక్కటే. పాత యంత్రం నుండి కొత్తదానికి ఫైలు చేరుతుంది, పాఠం చేరదు.

ఆనాటి తెలుగు ఫాంట్లు వర్ణాలను గాక తలకట్టు, గుడి, ఒత్తు వంటి ఆకృతుల ముక్కలను రోమను అక్షరాల స్థానాలలో నిలిపాయి. ఫాంటు లేనిచోట మిగిలేది రోమను లిపి గందరగోళమే. 1991లోనే యూనికోడులో తెలుగుకు చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేవరకు అది సామాన్యులకు అందలేదు.

పరివర్తక సాధనాలు లేకపోలేదు. అయితే అవి చేసేది ప్రత్యంతర లేఖనమే. లేఖకుని చేతిలో ర, ఱలు తారుమారైనట్లే ఇక్కడ అరసున్నలు జారిపోవచ్చు, సంయుక్తాక్షరాలు విడిపోవచ్చు. సంస్కృత పాఠాలకు మరొక చిక్కు ఉన్నది. తెలుగు అవగ్రహచిహ్నం యూనికోడులో చేరినది 2008లో, 5.1వ రూపంతో. అంతకుముందు మార్చిన శ్లోకాలలో ఆ స్థానంలో వేరొక గుర్తో, శూన్యమో ఉండక తప్పదు. ‘ఎవడో ఒకడు’ అనే అర్థంగల ‘కోఽపి’ అప్పుడు ‘కోపి’ అవుతాడు! తాళపత్రాలలోనూ అవగ్రహం తరచు కనబడదు కదా అనవచ్చు. అక్కడ అది లేఖన సంప్రదాయం. ఇక్కడ లోపం మూలానిదో యంత్రానిదో తెలియదు.

కనుక ఈ తరలింపును కార్యాలయ సిబ్బందికి వదలివేయడం పొరపాటు. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌను ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ పద్ధతే ఇక్కడా కావాలి. పాత యంత్రంలోనే పీడీఎఫ్ తీసి ఉంచడం మంచిదే. అది పుట రూపాన్ని కాపాడుతుంది, కాని అందులో తెలుగు పదాన్ని వెదకడం కుదరదు. ఫైలుతోపాటు ఫాంటునూ భద్రపరచాలి. ఒకరు అచ్చుప్రతిని పైకి చదువుతుండగా మరొకరు తెరమీది పాఠాన్ని పుటపుటా సరిచూసి ముగించేవరకు పాత కంప్యూటరును తుక్కుకు వేయరాదు.