జర్మన్ పార్టిసిపుల్‌కి తెలుగు దారి

జర్మనీలో ఉద్యోగం కోసమో, ఎమ్మెస్ కోసమో జర్మన్ నేర్చుకునే మనవాళ్ళు చాలామంది పార్టిసిపుల్స్ పాఠం దగ్గర తల పట్టుకుంటారు. పార్టిసిపుల్ అంటే ఏమీ లేదు, క్రియలోంచి పుట్టిన విశేషణం. దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడమే తలనొప్పికి కారణమని నా అభిప్రాయం. తెలుగులోంచి వెళ్తే సగం పని ముందే అయిపోయినట్టు.

'కొఖెండెస్ వాసర్' అంటే మరుగుతున్న నీళ్ళు. 'గెకొఖ్టెస్ ఐ' అంటే ఉడికించిన గుడ్డు. 'ట్సూ ప్ర్యూఫెండె డాటై' అంటే చెక్ చేయాల్సిన ఫైలు. మన -తున్న, -ఇన, -ఆల్సిన ముగ్గురూ వరసగా కనబడ్డారా?

అసలు భయపెట్టేది పొడుగు ప్రయోగం. 'దస్ ఫొన్ ఉన్స్ గెస్టర్న్ గెటెస్టెటె ప్రొగ్రామ్'. మాటకి మాట పెడితే 'మనచేత నిన్న టెస్ట్ చేయబడిన ప్రోగ్రాం'. కాస్త పుస్తకాల తెలుగులా ఉంది గానీ, వరస మనదే! ఇంగ్లీషులో అయితే ప్రోగ్రాం ముందొచ్చి, మిగతా కథంతా 'దట్' తగిలించుకుని వెనక నడుస్తుంది. జర్మన్ వాక్యాల మధ్యలో ఇలా ఇరికించే పొడుగు ముక్కల్ని మార్క్ ట్వేన్ 1880లోనే తెగ వెక్కిరించాడు. పాపం, ఆయనకి తెలుగు రాదు.

అలాగని అన్నిచోట్లా తెలుగుని దించేస్తే కుదరదు. 'చదివిన పుస్తకం', 'చదివిన మనిషి', 'చదివిన కాలేజీ' మూడింటికీ మనకి ఒకటే 'చదివిన'. జర్మన్లో 'గెలేజెన్' పుస్తకానికి మాత్రమే అతుకుతుంది. సకర్మక క్రియ అయితే ఈ రూపానికి 'చదవబడిన' అనే అర్థమే వస్తుంది కాబట్టి మనిషికీ, కాలేజీకీ విడిగా ఇంకో ఉపవాక్యం రాసుకోవాల్సిందే. పైగా లింగం, వచనం, విభక్తిని బట్టి తోక మారుతుంది. 'కొఖెండెస్ వాసర్' కాస్తా 'మరుగుతున్న నీళ్ళలో' అనేసరికి 'ఇన్ కొఖెండెమ్ వాసర్' అయిపోతుంది. మన 'మరుగుతున్న' మాత్రం కదలదు, మెదలదు.

ఈ తేడాలు కూడా పక్కన తెలుగు పెట్టుకుంటేనే స్పష్టంగా కనిపిస్తాయి. మన వ్యాకరణంలో దీన్ని ధాతుజ విశేషణం అంటారు. ఇంగ్లీషు మీడియం చదువుల్లో ఆ పేరే వినకుండా ఇంజనీర్లమైపోయాం. కొత్త భాష నేర్చుకోవాలంటే ఇంగ్లీషే గేట్‌వే అని నమ్మేశాం. చిన్నప్పట్నుంచీ ఒక్క రూలూ బట్టీ పట్టకుండా వాడుతున్న లైబ్రరీ బుర్రలో ఉండగా, ఇంకోడి కోడ్‌ని అరువు తెచ్చుకోవడం ఎందుకు చెప్పండి? ఈసారి పొడుగాటి జర్మన్ వాక్యం ఎదురైతే ఇంగ్లీషులోకి మార్చకండి. ముందు తెలుగులో అని చూడండి.